సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు ఊటలు: స్వామ్య చరిత్ర

కృష్ణా, మూసీ నదులు కలిసే దిక్కున, అంటే నేటి సూర్యాపేట జిల్లాలోనూ నల్లగొండ జిల్లాలోని మిర్యాలగూడ డివిజన్‌లోనూ, నేలలోంచి తనంత తానుగా పైకి ఉబికే నీటిని బుగ్గ, ఊట, జల అని పిలుస్తారు. బుగ్గ మాధవరం, బుగ్గబావిగూడెం వంటి ఊర్ల పేర్లలో ఆ మాట నేటికీ నిలిచి ఉంది. ఐరోపా, అమెరికాల కొండ ప్రాంతాలలో ఖనిజ లవణాలు కలిసిన ఊట ఎక్కడ బయటపడినా, దాని చుట్టూ స్నానశాల, దాని పక్కన హోటలు, దానికి ఒక రైలు దారి ఏర్పడి, ఆ మొత్తం ఒకే ఆస్తిగా ఒక యజమాని నుంచి మరొక యజమానికి చేతులు మారుతూ వచ్చింది. ఈ మూడు పట్టణాల పరిసరాలలో ఊట చుట్టూ గుడి గానీ దర్గా గానీ వెలిసింది. దాన్ని అమ్మినవారు లేరు, కొన్నవారు లేరు. అయినా స్వామ్యం మాత్రం మారకుండా ఉండలేదు. మధ్యయుగపు దానశాసనం ఒకే గ్రహీతకు కట్టబెట్టిన నేల, నీరు, రాయి, రాబడి అనే హక్కులు గడచిన 150 ఏళ్లలో ఒక్కొక్కటిగా విడిపోయి వేర్వేరు ప్రభుత్వ శాఖలకు, బోర్డులకు, కంపెనీలకు చేరాయి. ఆ విడిపోయిన క్రమమే ఇక్కడి ఊటల స్వామ్య చరిత్ర.

నేల, నీరు

ఈ ప్రాంతపు భూగర్భం రెండు రకాలు. సూర్యాపేట చుట్టూ, ఉత్తరాన తుంగతుర్తి వైపు, పశ్చిమాన నల్లగొండ వైపు కనిపించేది గ్రానైటు, నైసు శిలల నేల. ఇక్కడ నీరు రాతి పగుళ్లలోనూ, రాయి మెత్తబడిన పైపొరలోనూ మాత్రమే నిలుస్తుంది. దక్షిణాన హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మట్టపల్లి, వాడపల్లి వైపు కృష్ణ ఒడ్డున సున్నపురాయి పొరలు పరుచుకొని ఉంటాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు కడప హరివాణంలో పల్నాడు ఉపహరివాణంగా గుర్తించిన నిక్షేపాలివే. వాన నీరు నేలలో ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని కొద్దిగా ఆమ్లగుణం పొంది, సున్నపురాతిని కొంచెం కొంచెంగా కరిగించి, పొరల సందులను దారులుగా మలుచుకొని, పల్లంలో ఎక్కడ సందు దొరికితే అక్కడ పైకి వస్తుంది. కాల్షియం బైకార్బొనేటు ఎక్కువగా ఉండే ఇటువంటి నీటిని కాచినప్పుడు గిన్నె అంచున తెల్లటి పొర కడుతుంది. సబ్బుకు త్వరగా నురగ రాదు, పప్పు త్వరగా ఉడకదు. శాస్త్ర పరిభాషలో దీన్ని కఠిన జలమంటారు. యూరపులో సీసాకెత్తి అమ్మే ఖనిజ జలాలలో చాలా వాటి మూల లక్షణం ఇదే అయినా, ఇక్కడి ఇల్లాలికి మాత్రం అది ఉప్పునీళ్ల లెక్కలోనే పడుతుంది.

గ్రానైటు భాగంలో పరిస్థితి మరింత కఠినం. శిలలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం తగినంత ఉంటే ఫ్లోరైడు దానితో కలిసి అడుగుకు చేరే అవకాశముంటుంది కానీ, సోడియం ఎక్కువై కాల్షియం తగ్గిన బోరు నీటిలో అది కరిగే ఉంటుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే పళ్లకు గార, ఇంకా పెరిగితే ఎముకల వంకర వస్తాయి. నల్లగొండ జిల్లాలోని మునుగోడు, మర్రిగూడ మండలాలు ఈ వ్యాధికి దేశమంతటా తెలిసిన పేర్లు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడును పేరబెట్టి తీసే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించగా, దానికి ‘నల్లగొండ విధానం’ అనే పేరు స్థిరపడింది. ఖనిజాలున్న నీరంటే ఆరోగ్యమని నమ్మి మనుషులు తరలివెళ్లిన జర్మన్, ఫ్రెంచి పట్టణాల అనుభవం ఈ జిల్లాలో ఎందుకు పునరావృతం కాలేదో ఈ ఒక్క పేరే చెబుతుంది. ఇక్కడ నీటిలోని ఖనిజం మందుకన్నా ముందు రోగంగానే పరిచయమైంది.

ఊటల చోట్లు

మిర్యాలగూడకు దక్షిణాన, మూసీ కృష్ణలో కలిసే చోట ఉన్న వాడపల్లి, నిజాం పాలనలో వజీరాబాద్ అన్న పేరుతోనూ వ్యవహారంలో ఉండేది. అక్కడి మీనాక్షీ అగస్త్యేశ్వరాలయంలో శివలింగం తలభాగాన ఒక గుంట ఉంటుంది. అందులోని నీరు ఎంత తోడినా తరగదనీ, నది పొంగినా ఎండినా మట్టం మారదనీ స్థలపురాణం. పక్షిని తరుముకొచ్చిన బోయవాడికి, ఆ పక్షికి బదులుగా శివుడు తన తలలోని మాంసం ఇవ్వగా, గాయాన్ని కడగడానికి దిగిన గంగ అక్కడే నిలిచిపోయిందని కథ చెబుతుంది. ఆలయం గుట్ట మీద కాక రెండు నదుల నడుమ ఎత్తైన గట్టున ఉండటం, అడుగున సున్నపురాయి పొరలుండటం చూస్తే, కథ వెనుక ఒక చిన్న ఊట ఉన్నదని ఊహించడం కష్టం కాదు. అదే ఊరిలోని లక్ష్మీనరసింహాలయంలో స్వామి ముఖం దగ్గరి దీపం ఊపిరికి కదిలినట్టు అల్లాడుతూ, పాదాల దగ్గరి దీపం నిలకడగా వెలుగుతుందన్నది మరొక ప్రసిద్ధి.

కోదాడకు దక్షిణాన మేళ్లచెరువులో స్వయంభూ శంభులింగేశ్వరాలయం ఉంది. కాకతీయుల కాలానిదని ప్రసిద్ధి పొందిన ఈ ఆలయంలో లింగం పైభాగాన ఉన్న చిన్న రంధ్రంలోంచి నీరు నిరంతరం ఊరుతూ ఉంటుంది. అర్చకులు దాన్నే ఉద్ధరిణెతో తీసి తీర్థంగా ఇస్తారు. మహాశివరాత్రి జాతరకు రెండు తెలుగు రాష్ట్రాల నుంచి జనం వస్తారు. ఎడ్ల బండలాగుడు పందేలకు కృష్ణ అవతలి పల్నాటి రైతులు కూడా జతలను తోలుకొస్తారు. నీరు గుక్కెడే అయినా దాని చుట్టూ తిరిగే డబ్బు చిన్నది కాదు: కొబ్బరికాయల పాట, తలనీలాల పాట దేవస్థానానికి, జాతర అంగళ్ల మీద తైబజారు సుంకం గ్రామపంచాయతీకి చేరతాయి.

పాలకవీడు మండలంలోని జాన్‌పహాడ్ సైదులు దర్గా ఇటువంటిదే, అయితే మరో మతపు ఛాయలోది. జనవరిలో జరిగే ఉర్సుకు హిందువులు, లంబాడీలు, ముస్లిములు కలిసే వస్తారు. సఫాయి బావి అని పిలిచే బావి నీటితో స్నానం చేసి, ఆ నీటితోనే కందూరు, అంటే మొక్కుబడి విందు, వండుకుంటారు. రోగాలు పోతాయన్న నమ్మకంతో స్నానానికి రావడమన్నదే ఊటల విడిదికి మూలార్థం అనుకుంటే, ఈ ప్రాంతంలో ఆ అర్థానికి అతి దగ్గరగా వచ్చేది ఈ బావి.

కొండ, ఊట, విడిది మూడూ కలిసిన చోటు కావాలంటే మూసీ వెంట ఎగువకు, ఆ నది పుట్టిన వికారాబాద్ అనంతగిరికి వెళ్లాలి. అక్కడి అనంతపద్మనాభస్వామి ఆలయం కోనేరు, క్షయ రోగుల కోసం వెలిసిన ఆరోగ్యకేంద్రం, ఇప్పటి పర్యాటక శాఖ హరిత విడిది ఒకే అడవిలో ఉన్నాయి. వికారాబాద్ అన్న పేరు 1893 నుంచి 1901 దాకా హైదరాబాద్ దివానుగా ఉన్న పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా పేరు మీద వచ్చింది. పాయిగా అంటే నిజాం సైన్యానికి అశ్వదళాన్ని పోషించే షరతు మీద ఇచ్చిన పెద్ద జాగీరు. పాయిగా ప్రభువుల నుంచి ప్రభుత్వానికి, ప్రభుత్వంలో మళ్లీ అటవీ, వైద్య, దేవాదాయ, పర్యాటక శాఖలకు పంపకమైన అనంతగిరి చరిత్ర, దిగువన వాడపల్లి దాకా ఉన్న చిన్న ఊటల చరిత్రకు పెద్ద అచ్చు.

అష్టభోగాలు

కాకతీయుల కాలంలో సూర్యాపేట ప్రాంతం రేచర్ల రెడ్ల ఏలుబడిలో ఉండేది. సూర్యాపేటకు ఆనుకొని ఉన్న పిల్లలమర్రిలో నామేశ్వర, ఎరకేశ్వరాలయాలు వారి కట్టడాలే. బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో ఎరకేశ్వరాలయాన్ని నిలిపింది. గుడి కట్టినవారు చెరువునూ తవ్వించి, ఆ చెరువు కింది భూమిలో ఇన్ని మర్తురులు దేవుని అంగరంగ భోగాలకని ధారపోయడం ఆ కాలపు శాసనాలలో పదే పదే కనిపించే పద్ధతి. మర్తురు అంటే నాటి భూమి కొలత. నీటి వసతి గల భూమిని నీరునేల, వానకు పండేదాన్ని వెలిచేను అన్నారు. చెరువు వేయించినవాడికి లేదా దాన్ని బాగు చేసేవాడికి దాని కింది సాగులో ఇచ్చే పన్నులేని వాటా దశబంధం.

దానం పొందినవాడికి సంక్రమించే హక్కుల జాబితాను శాసనాలు అష్టభోగ స్వామ్యం అన్న కట్టుమాటతో చెబుతాయి. ఆ ఎనిమిది: పాతిన ధనమైన నిధి, దాచిపెట్టిన సొత్తయిన నిక్షేపం, జలం, పాషాణం, తరగని నిత్య ఫలమైన అక్షీణి, ముందు ముందు రాబోయే ఆగామి, ఇప్పటికే సాగులో ఉన్న సిద్ధం, సాగులోకి తేగలిగిన సాధ్యం. దానగ్రహీత దేవుడైతే ఊట నీరు, అది పుట్టే రాయి, దాని కింద పండే పొలం, దాని పేరున వచ్చే కానుక అన్నీ ఆ దేవునివే అయ్యేవి. ఆధునిక న్యాయశాస్త్రం భూమి పైభాగం, అడుగు భాగం, నీరు, ఖనిజం అని విడగొట్టి మాట్లాడే సంగతులన్నిటినీ ఒకే వాక్యంలో మూటగట్టిన ఈ సూత్రం, రైతు సాగు హక్కును మాత్రం ఎక్కడా పేర్కొనకుండా దాటేస్తుంది. పన్ను ఎవరికి చెందుతుందన్నదే శాసనానికి పట్టింది కానీ, నాగలి ఎవరు పట్టాలన్నది కాదు. ఈ మౌనమే 20వ శతాబ్దంలో వచ్చిన వివాదాలలో చాలా వాటికి మూలం.

సనదు నుంచి ఖాస్రా పహాణీ దాకా

అసఫ్ జాహీల, అంటే నిజాముల, కాలంలో నేలను స్థూలంగా నాలుగు రకాలుగా చూశారు: ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టే దివానీ లేక ఖాల్సా, నిజాం సొంత ఖర్చుల కింద ఉండే సర్ఫెఖాస్, ప్రభువులకు ఇచ్చిన జాగీర్లు, పాయిగాలు, వీటన్నిటి నడుమ చెదురుమదురుగా ఉన్న ఇనాములు. గుడికి, మసీదుకు, దర్గాకు సేవ చేసే షరతు మీద ఇచ్చిన ఇనామును మష్రూతుల్ ఖిద్మత్ అని, జీవనోపాధికి ఇచ్చినదాన్ని మదద్‌మాష్ అని దఫ్తర్లలో రాసేవారు. ఇనాముకు ఆధారం సనదు. దాన్ని విచారించి ధ్రువపరచిన ఉత్తర్వు ముంతఖబ్. పాత రాతి శాసనం మీది దేవుడు కాగితం మీద తరచుగా పూజారి పేరుగానో, దర్గా నిర్వాహకుడైన ముతవల్లీ పేరుగానో మారిపోవడం ఈ దశలోనే జరిగింది. వారసులు పంచుకున్నప్పుడు ఊట ఉన్న గర్భగుడి ఎవరికీ పంపకం కాలేదు గానీ, దాని నైవేద్యానికి ఉద్దేశించిన మాగాణి మాత్రం చీలికలు పేలికలైంది.

నీటి విషయంలో అసలు మలుపు 1317 ఫసలీ, అంటే 1907–08 నాటి హైదరాబాద్ భూమిశిస్తు చట్టం. ప్రైవేటు హక్కు రుజువైనంత మేరకు తప్ప, బాటలు, వాగులు, చెరువులు, కాలువలు, నిలిచే పారే నీళ్లు అన్నీ సర్కారు సొత్తేనని అది ప్రకటించింది. అష్టభోగాలలోని జలం ఆనాడే కాగితం మీద దేవుని చేయి జారింది. భూమి కేంద్రీకరణ కూడా అదే కాలంలో తారస్థాయికి చేరింది. సూర్యాపేట తాలూకాలోని ఎర్రపహాడ్ దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి చేతిలో లక్షన్నర ఎకరాలు ఉండేవని తెలంగాణ సాయుధ పోరాట చరిత్రకారులు రాశారు.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన తరువాత పరిణామాలు వేగంగా సాగాయి. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు నిబంధన అమలులోకి వచ్చింది. 1950లో కౌలుదారీ చట్టం, 1952లో సనదుల విచారణకు అతియాత్ చట్టం, 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చాయి. ఇనాం చట్టం కింద భూమి 1955 జూలై 20న ప్రభుత్వపరమైనా, సాగుదారుకు ఆక్యుపెన్సీ ధ్రువపత్రం ఇచ్చే సెక్షన్లు 1973 నవంబరు 1న గానీ అమలుకు రాలేదు. గనులు, చెరువు గర్భంలోని శిఖం భూములు, వాగులు ఎవరికీ ధ్రువపత్రంగా దక్కకుండా ప్రభుత్వం వద్దే ఉండిపోయాయి. 1954–55లో తయారైన ఖాస్రా పహాణీ, అంటే ప్రతి సర్వే నంబరులో పట్టాదారెవరు, కబ్జాలో ఎవరున్నారన్నది రాసిన గ్రామ రికార్డు, ఈ నేల మీద జరిగే దావాలలో నేటికీ మొదట అడిగే కాగితం. అందులో దేవుని మాన్యం ఎవరి పేరున ఎక్కిందన్నదాన్ని బట్టే చాలా గుళ్ల ఆస్తి నిలిచింది, లేదా పోయింది.

దేవుడు మైనరు

విగ్రహానికి చట్టం దృష్టిలో వ్యక్తిత్వం ఉందని, దాని ఆస్తి దానిదే గానీ పూజారిది కాదని 1925లో ప్రివీ కౌన్సిల్ ప్రమథనాథ్ మల్లిక్ దావాలో స్థిరపరచింది. దేవుడు ఎన్నటికీ మైనరే కనుక అతని ఆస్తిని సంరక్షకుడు నడపాలి. ఆ సంరక్షకుడెవరన్నదే తరువాతి చట్టాల సారాంశం. ఆంధ్రప్రదేశ్ 1966లో ఒక దేవాదాయ చట్టం చేసింది. దాని స్థానంలో వచ్చిన 1987 నాటి 30వ చట్టం వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని, అర్చకుల మిరాశీ హక్కును, అంటే గుడి రాబడిలో తరతరాలుగా వచ్చే వాటాను రద్దు చేసింది. సుప్రీంకోర్టు 1996లో ఎ.ఎస్. నారాయణ దీక్షితులు కేసులో దీన్ని సమర్థించింది. అర్చకత్వం మత సంబంధమైనదే గానీ నియామకం లౌకిక వ్యవహారమన్న ఆ తీర్పులోని తర్కం పల్లెలోని చిన్న గుడికి అంత సులువుగా అతకలేదు. రాబడి లేని గుడిలో వాటా పోయిన అర్చకుడు వలస పోయిన తరువాత తలుపు తీసేవారు లేకపోవడం చాలా చోట్ల జరిగింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ ఆ చట్టాన్నే అన్వయించుకుంది. దేవుని భూమిని అమ్మాలంటే కమిషనరు అనుమతి, బహిరంగ వేలం తప్పనిసరి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబర్లు చేరతాయి. జాన్‌పహాడ్ దర్గా వంటివి వక్ఫ్ చట్టం కిందికి వస్తాయి. అక్కడ ఆస్తి అల్లాకు అర్పితమైనదిగా, వక్ఫ్ బోర్డు పర్యవేక్షకురాలిగా భావన.

రాయి ఎవరిది

అష్టభోగాలలోని పాషాణం ఈ ప్రాంతంలో అన్నిటికన్నా విలువైనదిగా తేలింది. ఊట పుట్టడానికి కారణమైన సున్నపురాయే సిమెంటుకు ముడిసరుకు కావడంతో మేళ్లచెరువు, హుజూర్‌నగర్, వాడపల్లి పరిసరాలలో ఫ్యాక్టరీలు వెలిశాయి. అమెరికాలో ఊటల హోటళ్లు చేతులు మారినట్టు ఇక్కడ చేతులు మారినవి ఇవే: వాడపల్లి దగ్గరి విష్ణుపురంలో రాశి సిమెంట్స్ స్థాపించిన కర్మాగారం 1998లో ఇండియా సిమెంట్స్‌కు, ఆ కంపెనీయే 2024 చివర అల్ట్రాటెక్‌కు దక్కాయి. సున్నపురాయి ప్రధాన ఖనిజం కనుక 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం కింద కౌలు పొంది రాయల్టీ కట్టనిదే తవ్వరాదు. అయితే తవ్వకాన్ని నియంత్రించే అధికారం వేరు, యాజమాన్యం వేరు. భూమి అడుగున ఉన్న ఖనిజం, వేరే చట్టం తీసేసుకుంటే తప్ప, పైనున్న భూమి యజమానిదేనని 2013లో త్రేసియమ్మ జాకబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట, మలబారులోని జన్మం భూముల, అంటే వంశపారంపర్య పూర్తి యాజమాన్యపు భూముల, గురించినదైనా, దేవుని మాన్యాలకూ ఆలోచించదగ్గదే.

భూగర్భ జలానికి ఆంగ్ల న్యాయం నుంచి వచ్చిన సూత్రం మరోలా నడుస్తుంది. నిర్దిష్టమైన దారిలో ప్రవహించని నేల కింది నీటిని తన హద్దులో తోడుకోవడం భూస్వామి హక్కు అని 1859 నాటి చేజ్‌మోర్ తీర్పు చెప్పగా, 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం దాన్నే ఉదాహరణగా పెట్టుకుంది. ఊట ఈ సూత్రానికి చిక్కని వస్తువు: నేల కింద ఉన్నంతసేపు దారి తెలియని ఇంకుడు నీరు, బయటికి వచ్చి వాగైన క్షణంలో ప్రభుత్వపు ప్రవాహం. అందువల్ల పొరుగు పొలంలో వేసిన బోరు గుడి ఊటను ఎండగొట్టినా, పాత సూత్రం ప్రకారం గుడికి దావా లేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే జనం వాడుకలో వాల్టా, బోర్లకు అనుమతి, తాగునీటి బావులకు దూరం వంటి షరతులు పెట్టి ఈ లోటును కొంత పూడ్చింది. మరోవైపు 1967 ఆగస్టులో పారిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ భూములను మాగాణిగా మార్చి, ఊట కింద పండే పొలమన్న పాత విలువనే మరుగుపరచింది. 45.77 టీఎంసీల పులిచింతల జలాశయం కృష్ణ ఒడ్డున కొన్ని గ్రామాలను ముంచినప్పుడు భూసేకరణ ద్వారా మరికొంత నేల ప్రభుత్వపరమైంది.

ఇతర చోట్లు, ఇక్కడి తేడా

వెస్ట్ వర్జీనియాలోని వైట్ సల్ఫర్ స్ప్రింగ్స్ చరిత్ర పోలికకు తగినది. గంధకపు ఊట చుట్టూ వెలసిన విడిదిని 1910లో చీసాపీక్ అండ్ ఒహాయో రైల్వే కొని 1913లో గ్రీన్‌బ్రయర్ హోటలును తెరిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942లో సైన్యం దాన్ని తీసుకొని ఆసుపత్రిగా నడిపి, యుద్ధం ముగిశాక రైల్వేకే తిరిగి అమ్మింది. 2009లో ఆ రైల్వే వారసత్వ సంస్థ నుంచి జిమ్ జస్టిస్ అనే వ్యాపారి కొన్నాడు. ఇంగ్లండులోని బాత్ ఊటలు 1590 నాటి రాణి శాసనంతో నగర పాలక సంఘానికి చెందాయి. అర్కాన్సాలోని వేడి ఊటలను అమెరికా ప్రభుత్వం 1832లోనే ప్రైవేటు చేతికి పోకుండా కేటాయించి, 1921లో జాతీయ వనంగా ప్రకటించింది. తెలుగు నేల మీద నంద్యాల దగ్గరి మహానంది కోనేరు ఈ మూడో తరహాకు దగ్గరైనా, అక్కడ కూడా యజమాని ప్రభుత్వం కాదు, దేవుడే. ఆ కోనేటి నీరు సుమారు 2,000 ఎకరాలకు పారుతుంది.

ఇక బజారులో ‘మినరల్ వాటర్’ పేరుతో దొరికే 20 లీటర్ల డబ్బాకు ఏ ఊటతోనూ సంబంధం లేదు. ఊట దగ్గరే సహజంగా లభించి, రసాయన శుద్ధి లేకుండా సీసాకెక్కే ఖనిజ జలానికి భారత ప్రమాణం ఐఎస్ 13428. బోరు నీటిని పొరలలోంచి ఒత్తి ఖనిజాలను తీసేసి నింపే తాగునీటికి ఐఎస్ 14543. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో అమ్ముడుపోయేది రెండో రకమే, అందులోనూ చాలా ప్లాంట్లు ప్రమాణపు ముద్ర లేకుండానే నడుస్తాయి. ఎవరైనా ఈ ప్రాంతపు గుడి ఊటను మొదటి రకంగా సీసాకెక్కించాలనుకుంటే దేవాదాయ కమిషనరుతో లీజు, భూగర్భజల శాఖ అనుమతి, ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ లైసెన్సు కావాలి; ఊట ఉన్న సర్వే నంబరు ఖాస్రా పహాణీలో ఎవరి పేరున ఉందో ముందుగా తేలాలి.